మగ్గు మీద 1805, అడుగున వేరే లెక్క: నౌకాయుద్ధాల స్మారక పింగాణీని చదవడం ఎలా?

ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవుపట్నంలో ఎమ్మెస్సీ చదువుతున్న మా పిన్ని కొడుకు ఒక ఆదివారం సంతలో పాత సామాన్ల మధ్య ఒక మగ్గు చూసి, బేరమాడి కొనేసి, వెంటనే నాకు ఫోటో పెట్టాడు. తెల్లటి మగ్గు, మీద నీలం అచ్చుబొమ్మ. అడ్మిరల్ టోపీ పెట్టుకున్న మనిషి, కుడిచేతి చొక్కా ఖాళీగా మడిచి ఛాతీకి తగిలించి ఉంది, వెనకాల తెరచాపలెత్తిన పెద్ద ఓడ, అంచు చుట్టూ రంగులద్దిన చిన్న చిన్న జెండాల వరస, కింద ‘21 అక్టోబర్ 1805’ అన్న తేదీ. ‘అన్నయ్యా, ఇది రెండొందల ఏళ్ళ నాటిదేనా? మ్యూజియం వాళ్ళు తీసుకుంటారా?’ అని అడిగాడు, మాటల్లోనే ఆ ఆత్రం తెలుస్తోంది.

బొమ్మలో ఉన్నది బ్రిటిష్ నౌకాదళ సేనాని హొరేషియో నెల్సన్. తేదీ ఫ్రెంచి, స్పెయిన్ నౌకాదళాలతో జరిగిన ట్రఫాల్గర్ యుద్ధానిది, ఆయన గెలిచిన రోజూ పోయిన రోజూ అదే. అంతవరకు చిక్కు లేదు. ఆ మగ్గు ఎప్పుడు తయారైంది అనే దగ్గరే చాలామంది పొరబడతారు, పాత్ర మీద రాసిన తేదీని పాత్ర పుట్టిన తేదీ అనుకుంటారు. నిజానికి ఇలాంటి పాత్ర గట్టిగా సాక్ష్యం చెప్పేది తను తయారైన ఏడాది గురించి. ఆ యుద్ధం గురించి అది చెప్పేది చాలావరకు వినికిడి మాటే. ఈ ఒక్క తేడా పట్టుకుంటే స్మారక పింగాణీలో సగం చిక్కుముళ్ళు విడిపోతాయి.

ఆవకాయ జాడీ, పూలకుండీ, టీ కప్పు: అన్నీ పింగాణీయేనా?

మనం ఇంట్లో అన్నింటినీ కలిపి పింగాణీ అనేస్తాం. ఈ రంగంలో ఉన్నవాళ్ళు మట్టిని బట్టి, కాల్చిన వేడిని బట్టి మూడు రకాలు చేస్తారు. తక్కువ వేడికి కాలి, లోపల ఇంకా నీళ్ళు పీల్చే గుణం ఉండేది మొదటి రకం, మన పూలకుండీ లాంటిది. దానికి పైన గాజులాంటి పూత, అంటే గ్లేజు, పూస్తేనే పాలో బీరో పోసుకోవడానికి పనికొస్తుంది. ఇంగ్లండులో అమ్ముడైన నౌకాయుద్ధ జగ్గుల్లో ఎక్కువ భాగం ఈ రకమే. రెండోది ఇంకా ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడేది. దీనికి మన ఆవకాయ జాడీకంటే మంచి ఉదాహరణ లేదు, ఏడాదంతా ఉప్పూ నూనే ఊరుతున్నా బయటికి చెమ్మ రాదు. లండన్‌లోని లాంబెత్‌లో డౌల్టన్ వాళ్ళు చేసిన నెల్సన్ తలకాయ జగ్గులు ఈ జాతివి. మూడోది అసలు పోర్సలీన్, వెలుగుకి పెడితే వేళ్ళ నీడ కనిపించేంత పలుచన. అది ఖరీదైన సరుకు, పెద్దింటివాళ్ళది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ గదులు చూసినవాళ్ళకి ఈ మూడో రకం మెరుపు గుర్తుండే ఉంటుంది.

ఇక ‘స్మారకం’ అంటే? ఒక సంఘటననో మనిషినో గుర్తుపెట్టుకోవడానికే తయారుచేసింది అని. గొప్పవాడు వాడిన ప్రతి పాత్రా స్మారకం కాదు. 1802లో నెల్సన్, ఆయన ప్రేయసి ఎమ్మా హామిల్టన్ వూస్టర్‌లోని చేంబర్లిన్ పింగాణీ ఫ్యాక్టరీకి వెళ్ళి జపాన్ శైలి పూలబొమ్మలతో భోజనానికీ ఫలహారానికీ పాత్రల సెట్లు ఆర్డర్ ఇచ్చారు, మొత్తం పూర్తికాకుండానే ఆయన పోయాడు. ఆ కప్పులూ సాసర్లూ ఆయన సొంత సామాను. అదే సమయంలో ఏ సారాకొట్టులోనో బీరు పోసుకోవడానికి కొన్న నెల్సన్ జగ్గు స్మారకం. మొదటిదానికి ఆయన చేతి స్పర్శ విలువ, రెండోదానికి ఆయన పేరు జనంలో ఎంత దూరం పాకిందో చెప్పే విలువ. వేలంపాటల్లో ఈ రెండింటినీ కలిపేసి చెప్పేవాళ్ళు చాలామంది.

యుద్ధవార్త పాత్ర మీదికి ఎలా ఎక్కింది

కథ నెల్సన్‌కంటే ముందే మొదలైంది. 1739 నవంబర్‌లో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ పనామా తీరంలోని స్పెయిన్ రేవు పోర్టోబెల్లోని ఆరు ఓడలతో పట్టుకున్నాడు. ఇంగ్లండు ఊగిపోయింది. పతకాలు, చిన్న గిన్నెలు, మగ్గులు వరసకట్టి వచ్చాయి, ‘ఆరే ఆరు ఓడలతో పోర్టోబెల్లో పట్టాడు’ అన్న మాట వాటిమీద పదేపదే కనిపిస్తుంది. ఇప్పుడు లండన్‌లో పాత సామాన్ల సంతకి పేరుపడ్డ పోర్టోబెల్లో రోడ్డుకి కూడా ఆ పేరు ఈ విజయం నుంచే వచ్చింది.

1741లో అదే వెర్నన్ కార్టహేనా అనే ఇంకో రేవు మీదికి వెళ్ళాడు. ఇంగ్లండులో పతకాలు చేసేవాళ్ళు ఫలితం కోసం ఆగలేదు. స్పెయిన్ సేనాని బ్లాస్ దె లెసో మోకాళ్ళ మీద కూర్చుని కత్తి అప్పగిస్తున్నట్టు పతకాలు పోసి అమ్మేశారు. అసలు జరిగింది తలకిందులు, వెర్నన్ ఘోరంగా ఓడి వెనక్కి వచ్చాడు. ఆ పతకాలు ఈనాటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. జరగని లొంగుబాటుకి లోహంలో పోసిన సాక్ష్యం! స్మారక వస్తువు ఏదైనా చేతికి తీసుకున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

అంటే ఇది వార్తలతో పాటు పరుగెత్తే వ్యాపారం, అందులో వేగమే ప్రాణం. 1778లో అడ్మిరల్ కెప్పెల్ ఫ్రెంచివాళ్ళతో చేసిన యుద్ధంలో గెలుపోటములు తేలలేదు. తర్వాత రాజకీయ కక్షలతో ఆయన మీద సైనిక విచారణ పెట్టారు, 1779 ఫిబ్రవరిలో నిర్దోషి అని తీర్పొచ్చింది, ఊళ్ళల్లో దీపాలు పెట్టి పండగ చేసుకున్నారు. పింగాణీ వ్యాపారి జోసయా వెడ్జ్‌వుడ్ అప్పుడు తన భాగస్వామికి రాసిన ఉత్తరంలో, కెప్పెల్ బొమ్మ ఇంకా ఎందుకు పంపలేదని వాపోయాడు, రెండు మూడు నెలల ముందే మేలుకుని ఉంటే ఈ పెద్దమనిషి తలని రకరకాలుగా చేసి వెయ్యి పౌన్ల సరుకు అమ్మేవాళ్ళం కదా అని. యుద్ధం ఎంత పెద్దదన్నది లెక్క కాదు, జనం నోట్లో ఆ పేరు ఎంతగా నానుతోందన్నదే లెక్క. మన తీరంలోనూ 1804 సెప్టెంబర్ 15న ఒక పోరాటం జరిగింది, విశాఖ రేవు ముందు. ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు యుద్ధనౌకలతో వచ్చి సెంచూరియన్ అనే ఒంటరి బ్రిటిష్ ఓడ మీద పడ్డాడు, అది చావుదెబ్బలు తిని కూడా లొంగలేదు, కానీ దాని కాపలాలో ఉన్న రెండు సరుకు ఓడల్లో ఒకటి ఫ్రెంచివాళ్ళకి చిక్కింది, ఇంకొకటి తీరానికి కొట్టుకుని పోయింది. పండగ చేసుకునే గెలుపు కాదది. పైగా కబురు లండన్ చేరడానికి నెలలు పట్టే దూరం. పింగాణీ ఫ్యాక్టరీకి కావలసింది ఇలాంటి వార్త కాదు.

ఈ వేగం సాధ్యమైంది అచ్చువేసే పద్ధతి వల్ల. రాగిరేకు మీద బొమ్మ చెక్కుతారు, లోహపు రంగు కలిపిన చిక్కటి సిరా పూసి తుడుస్తారు, పలుచటి కాగితం మీదికి దాన్ని ఎత్తి, ఆ కాగితాన్ని పాత్రకి అతికించి రుద్దుతారు, బొమ్మ పాత్రకి దిగుతుంది. లివర్‌పూల్‌లో జాన్ శాడ్లర్, గై గ్రీన్ అనే ఇద్దరు 1756లో ఆరు గంటల్లో పన్నెండు వందలకి పైగా పలకల మీద అచ్చువేశామని ప్రమాణపత్రం రాసిచ్చారు. చేత్తో గీసేవాళ్ళు అన్ని బొమ్మలు గీయాలంటే ఎన్ని రోజులు పట్టేదో ఊహించుకోండి. అచ్చు లేని ఇంకో దారి కూడా ఉంది. బొమ్మ ఉబ్బెత్తుగా వచ్చే మూసలో మట్టి వేసి, తీశాక పసుపు, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగులు అద్దడం. ఇలాంటివాటిని ఇప్పుడు ప్రాట్‌వేర్ అంటున్నారు. ఒకవైపు నెల్సన్, ఇంకోవైపు నైలు యుద్ధంలో ఆయన ఓడ కెప్టెన్ అయిన బెర్రీ ఉన్న జగ్గులు ఈ పద్ధతిలో వచ్చాయి. దగ్గరగా చూస్తే రంగు గీత దాటి పక్కకి ఒలికి ఉంటుంది, కళ్ళు రెండు చుక్కలు, మొహం ఎవరిదైనా కావచ్చు. కింద పేరు రాయకపోతే పోల్చలేం.

బిరుదు చూసి ఏడాది కట్టడం

నెల్సన్ పాత్రల్లో తేదీ పట్టడానికి నాకు అన్నిటికంటే నచ్చే పద్ధతి ఆయన పేరు ముందున్న బిరుదు చూడటం, ఎందుకంటే ఆయనకి బిరుదులు మెట్టు మెట్టుగా వచ్చాయి. 1797లో ‘సర్’ అయ్యాడు, అదే ఏడాది జులైలో టెనెరీఫ్ దగ్గర కుడిచెయ్యి పోయింది. 1798 ఆగస్టు 1న నైలు నది ముఖద్వారం దగ్గర ఫ్రెంచి నౌకాదళాన్ని దెబ్బతీశాడు, ఆ ఏడాది చివర్లో ‘లార్డ్’ అయ్యాడు. 1801లో కోపెన్‌హేగన్ యుద్ధం, తర్వాత ఇంకో మెట్టు పైకి. 1805 అక్టోబర్ 21న చనిపోయాడు, ఆ కబురు లండన్ చేరింది నవంబర్ 6న.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. ఒక జగ్గు మీద ‘సర్ హొరేషియో నెల్సన్’ అని ఉంది, నైలు ప్రస్తావన ఉంది. కబురు ఇంగ్లండు చేరింది 1798 అక్టోబర్ మొదట్లో, కొద్ది వారాలకే ఆయన లార్డ్ అయ్యాడు, కాబట్టి ఆ మాటలు రాసింది ఆ మధ్యలోనే అయ్యుండాలి, లేదా పాత రాగిరేకునే తర్వాత కూడా వాడి ఉండాలి. ఇంకో జగ్గు మీద ‘లార్డ్ నెల్సన్’ అనీ, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ, 47 ఏళ్ళు అనీ ఉంది. ఇది 1805 నవంబర్ 6 కంటే ముందు అయ్యే అవకాశమే లేదు. అంటే నిజంగా ఆ యుద్ధం నాటి పాత్ర అని మనం మురిసిపోయే జగ్గుల్లో చాలావరకు 1806వి, ఆ జనవరి 9న సెయింట్ పాల్స్‌లో అంత్యక్రియలు జరిగిన సమయంలోవి. మొదటి హద్దు ఇలా గట్టిగా దొరుకుతుంది. చివరి హద్దు మాత్రం దొరకదు, ఎందుకంటే ‘1805లో చనిపోయాడు’ అని 1806లోనూ రాయొచ్చు, 2005లోనూ రాయొచ్చు. చిక్కంతా అక్కడే.

ఓడ అదే, జెండా మాత్రం కొనేవాడిది

లివర్‌పూల్ జగ్గులు అని పేరుపడ్డ మీగడ రంగు జగ్గులు అమెరికాకి ఓడల్లో వెళ్ళేవి. బోస్టన్, సేలమ్ ఓడ కెప్టెన్లు తమ పేరూ, తమ ఓడ పేరూ వేయించుకునేవాళ్ళు. కానీ ఒక్కో ఓడకి ఒక్కో రాగిరేకు చెక్కించడం ఎవరికి గిట్టుబాటు అవుతుంది? అందుకని నల్లటి అచ్చులో ఒకే ఓడ బొమ్మ వేసి, జెండాకి మాత్రం చేత్తో రంగు వేసేవాళ్ళు. ఎర్రచారలూ నక్షత్రాలూ దిద్దితే అది అమెరికా ఓడ, వేరే రంగు అద్దితే ఇంకో దేశం ఓడ. పేరు కింద చేత్తో రాస్తారు. కాబట్టి ‘మా ముత్తాత ఓడ అచ్చంగా ఇలాగే ఉండేది’ అని ఎవరైనా అంటే నమ్మే ముందు తెరచాపల సంఖ్య కాదు, జెండా మీది రంగు కుంచెతో వేసిందా అచ్చులో పడిందా అన్నది చూడాలి.

అమెరికా కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధం. ఆ ఆగస్టులో కాన్‌స్టిట్యూషన్ అనే అమెరికా ఓడ గెర్రియర్ అనే బ్రిటిష్ ఓడని ముక్కలు చేసింది. 1813లో పెర్రీ ఈరీ సరస్సులో, 1814లో మెక్‌డొనో చాంప్లేన్ సరస్సులో బ్రిటిష్ దళాలని ఓడించారు. సంధి కుదిరి వ్యాపారం మళ్ళీ తెరుచుకోగానే ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ ఫ్యాక్టరీలు ఈ అమెరికా వీరుల బొమ్మలతోనే జగ్గులు, ప్లేట్లు చేసి అమెరికాకి పంపాయి. ఈనక్ వుడ్ కంపెనీ ముదురు నీలంలో అచ్చువేసిన మెక్‌డొనో విజయం ప్లేట్లు అమెరికా సేకరణదారులకి ఇప్పటికీ ప్రీతిపాత్రం. తమ నావికులు ఓడిపోయిన యుద్ధాన్ని తమ పనివాళ్ళే చెక్కి, కాల్చి, గెలిచినవాళ్ళకి అమ్మారు. దీన్ని దేశద్రోహం అని ఆనాడు ఎవరైనా అన్నారో లేదో గానీ, ఆవం చల్లారితే కూలి దొరకని పనివాడి వైపు నుంచి చూస్తే తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పాత్ర మీది దేశభక్తి దాన్ని కొన్నవాడిదే గానీ చేసినవాడిది కానక్కర్లేదు.

మగ్గు బోర్లించండి

మా తమ్ముడికి నేను మొదట చెప్పిన మాట ఇదే, బొమ్మ ఫోటో చాలు, అడుగు ఫోటో పెట్టు అని.

బ్రిటిష్ పింగాణీ అడుగున ఉండే గుర్తుల్లో కొన్నిటికి చట్టం వెనక ఉంది కాబట్టి వాటిని నమ్మొచ్చు. 1842 నుంచి 1883 దాకా డిజైన్ రిజిస్టర్ చేస్తే వజ్రం ఆకారం ముద్ర వేసేవాళ్ళు, దాని మూలల్లోని అక్షరాలు ఏడాదినీ నెలనీ చెబుతాయి. 1884 నుంచి వజ్రం పోయి వరస నంబర్లు వచ్చాయి. 1891 నుంచి అమెరికా దిగుమతి చట్టం వల్ల తయారైన దేశం పేరు వేయాల్సి వచ్చింది, అందుకే ‘ఇంగ్లండ్’ అన్న ఒక్క మాట అడుగున అచ్చయి ఉంటే మామూలుగా అది 1891 తర్వాతి సరుకు. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే చాలావరకు ఇరవయ్యో శతాబ్దం.

అలాగని ఏ గుర్తూ లేకపోతే కొత్తది అనుకోకూడదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 1800 ప్రాంతపు ప్రాట్‌వేర్ జగ్గుల్లో ఎక్కువశాతం మీద చేసినవాడి ముద్రే ఉండదు. అలాంటప్పుడు చూడాల్సింది మట్టినీ గ్లేజునీ. ఆ రోజుల్లో పాత్ర తెల్లగా కనిపించడానికి గ్లేజులో కాస్త కోబాల్టు కలిపేవాళ్ళు, మన బట్టలకి నీలిమందు పెట్టినట్టే. ఆ గ్లేజు పిడి మొదట్లోనూ అడుగు అంచు లోపలా కాస్త గుమిగూడి లేత నీలంగా కనిపిస్తుంది. ఒకసారి చూస్తే మర్చిపోరు.

మా తమ్ముడి మగ్గు అడుగున రెండు విషయాలున్నాయి. సగం చెరిగిన ‘ఇంగ్లండ్’, దాని కింద రిజిస్టర్ నంబరు, నాలుగు లక్షల యాభై వేల పైచిలుకు. వరస నంబర్ల పట్టికలో ఆ అంకె 1905లో పడుతుంది. వాడి మొహం వాడిపోయిందని ఫోన్‌లో గొంతు వింటేనే తెలిసింది. కానీ నాకు ఆసక్తి పెరిగింది అప్పుడే.

ఎందుకంటే 1905 ట్రఫాల్గర్‌కి వందేళ్ళు. ముందు ఏడాదే బ్రిటన్ ఫ్రాన్సుతో స్నేహ ఒప్పందం చేసుకుంది, కాబట్టి ఫ్రెంచివాళ్ళని ఓడించిన రోజుని ప్రభుత్వం మరీ ఆర్భాటంగా జరపదల్చుకోలేదు. ఇంకోవైపు జర్మనీ నౌకాదళం పెరుగుతోంది, దాంతో నౌకాదళం మీద ఇంకా ఖర్చు పెట్టాలని వాదించే నేవీ లీగ్ లాంటి సంఘాలు నెల్సన్ పేరుని గట్టిగా వాడుకుంటున్నాయి. ఆ అక్టోబర్ 2న పోర్ట్స్‌మత్ రేవులోనే డ్రెడ్‌నాట్ అనే కొత్తరకం యుద్ధనౌక నిర్మాణం మొదలైంది. అది బయటికొచ్చాక అంతకుముందు యుద్ధనౌకలన్నీ ఒక్కసారిగా పాతబడిపోయాయి. మా వాడి మగ్గు పుట్టింది ఆ గాలిలో. అది 1805కి సాక్షి కాదు, నిజమే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌కి పట్టుకున్న టెన్షన్‌కి మాత్రం సాక్షి.

జర్మనీ బీరు మగ్గులు, జపాన్ సాకే కప్పులు

ఈ అలవాటు ఒక్క బ్రిటన్‌ది కాదు, కానీ మిగతా చోట్ల దాని తీరు వేరు. మొదటి ప్రపంచయుద్ధం ముందు జర్మనీలో సైన్యంలో గడువు ముగించుకున్న కుర్రాళ్ళు జ్ఞాపకంగా బీరు మగ్గులు చేయించుకునేవాళ్ళు. నౌకాదళం వాళ్ళవాటి మీద తాము పనిచేసిన ఓడ బొమ్మ, తమ పేరు, కొన్నిసార్లు తోటివాళ్ళ పేర్లు కూడా వరసగా ఉంటాయి. జపాన్‌లో 1894 చైనా యుద్ధం దగ్గర్నుంచి 1945 దాకా సైన్యం నుంచి ఇంటికొచ్చినవాళ్ళు ఊరివాళ్ళకీ బంధువులకీ సాకే, అంటే బియ్యపు సారా, తాగే చిన్న కప్పులు పంచిపెట్టేవాళ్ళు. నావికుడైతే దానిమీద లంగరు, చెర్రీ పువ్వు. మనం గృహప్రవేశానికి పేరు కొట్టించిన స్టీలు గిన్నెలు పంచినట్టు అనుకోండి, భావం దగ్గరగా అదే.

బ్రిటన్ జగ్గు అడ్మిరల్‌ని తలుచుకుంటుంది, ఈ రెండూ మామూలు సిపాయిని తలుచుకుంటాయి. వేలంలో నెల్సన్ జగ్గుకున్నంత పేరు వీటికి లేకపోవచ్చు, కానీ ఒక పేరూ ఒక ఓడా ఒక ఏడాదీ పట్టుకుని ఆ మనిషి కథ వెనక్కి వెతుక్కుంటూ పోవచ్చు. నాకైతే ఈ చిన్న కప్పుల దగ్గరే మనసు ఎక్కువసేపు ఆగుతుంది.

నకిలీలు, నకళ్ళు, కుట్లు

నకిలీ వేరు, నకలు వేరు. పాత మూసలతోనో పాత పద్ధతిలోనో మళ్ళీ చేసి, కొత్తదేనని చెప్పి అమ్మితే అది నకలు, తప్పేం లేదు. దాన్నే టీ డికాషన్‌లో నానబెట్టి, గ్లేజు పగుళ్ళలోకి మరక ఎక్కించి, పాతదని అమ్మితే నకిలీ. పాత్ర అదే, చెప్పిన మాట మారింది. జర్మన్ మగ్గుల్లో ఒక తేలిక గుర్తుంది. అడుగున పోర్సలీన్ పలుచగా ఉండి, వెలుగుకి పెడితే లోపల ఒక బొమ్మ కనిపిస్తుంది. అసలువాటిలో సైనికుడు వీడ్కోలు తీసుకోవడం, ఇంటికి రావడం లాంటి దృశ్యాలుంటే, తర్వాత పర్యాటకుల కోసం చేసిన నకళ్ళలో చాలాసార్లు బట్టల్లేని ఆడమనిషి బొమ్మ ఉంటుంది. అది కనిపిస్తే ఇంక ఆలోచించక్కర్లేదు.

అరుగుదల కూడా చూడాలి. నిజంగా వాడిన జగ్గు బల్లకి తగిలే అంచు దగ్గరే అరుగుతుంది. అడుగంతా ఒకేలా గీతలు పడి ఉంటే ఎవరో ఇసుక కాగితంతో రుద్దారని అర్థం. పాత పాత్రల్లో పగిలినచోట చిన్న చిన్న ఇత్తడి తీగలతో కుట్లు కనిపిస్తాయి. జిగురు సరిగ్గా పట్టని రోజుల్లో పగులుకి అటూ ఇటూ రంధ్రాలు చేసి తీగతో బిగించేవాళ్ళు. కొందరు సేకరణదారులు వాటిని తీయించి, రంగులద్దించి, కొత్తదానిలా చేయిస్తారు. అతుకు కనిపించకపోతే అందం, ధరా బాగుంటుందని వాళ్ళ మాట. ఆ కుట్లు చెరిపితే చరిత్ర చెరిపినట్టే అని రెండో పక్షం. నేను రెండో పక్షమే. పగిలిన జగ్గుని పారేయకుండా డబ్బులిచ్చి కుట్టించుకున్న ఇల్లాలు ఆ కుట్లలో ఉంది.

వేల్స్‌లోని మన్‌మత్ మ్యూజియం ఈ విషయంలో ఒక మంచి పని చేసింది. రోల్స్ రాయిస్ కార్ల చార్లెస్ రోల్స్ తల్లి లేడీ లాంగట్టాక్ కూడబెట్టిన నెల్సన్ వస్తువులు ఆమె పోయాక 1920ల్లో ఆ ఊరికి చేరాయి. వాటిలో నకిలీలు కూడా దొరికాయి, ఒకటి ఏకంగా నెల్సన్ గాజు కన్ను అట! 1794లో కోర్సికాలో ఆయన కుడికంటి చూపు పోయింది గానీ కన్ను పోలేదు, గాజు కన్ను పెట్టుకున్నదే లేదు. మ్యూజియం దాన్ని దాచకుండా, ఇది నకిలీ అని చెప్పి ప్రదర్శనలో పెట్టింది. కూడబెట్టే మోజు ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి అసలు వస్తువుకంటే అదే బాగా పనికొస్తుంది.

ఇవి చరిత్రా, ప్రచారమా?

బ్రైటన్‌కి చెందిన హెన్రీ విల్లెట్ అనే పెద్దమనిషి పంతొమ్మిదో శతాబ్దంలో మామూలు ఇళ్ళల్లోని జగ్గులు, బొమ్మలు, ప్లేట్లు కూడబెట్టి, దేశచరిత్రని ఈ ఇంటి సామాన్ల మీదే చాలావరకు చదువుకోవచ్చని వాదించాడు. ఆయన సేకరణ ఇప్పటికీ బ్రైటన్ మ్యూజియంలో ఉంది. లిలీ లాంబర్ట్ మెక్‌కార్తీ అనే అమెరికన్ మహిళ జీవితమంతా నెల్సన్ వస్తువులు కూడబెట్టి, 1972లో పోర్ట్స్‌మత్ నౌకాదళ మ్యూజియానికి ఇచ్చేసింది. వీళ్ళ దృష్టిలో ఇవి జనం గుండెలో ఎవరున్నారో చెప్పే పత్రాలు.

దీనికి ఎదురువాదన కూడా బలమైనదే. జగ్గు కొనగలిగినవాడి చరిత్రే జగ్గు మీద ఉంటుంది. ట్రఫాల్గర్‌లో బ్రిటన్ వైపే నాలుగు వందల మందికి పైగా చచ్చిపోయారు, నౌకాదళం మనుషుల్ని బలవంతంగా పట్టుకెళ్ళి ఓడెక్కించేది, వాళ్ళ పేర్లు ఏ జగ్గు మీదా లేవు. పోర్టోబెల్లో పోరు వెనక స్పెయిన్ వలసలతో వ్యాపారం గురించిన గొడవ ఉంది, ఆ వ్యాపారంలో బానిసలుగా అమ్మిన ఆఫ్రికా మనుషులున్నారు. నెల్సన్ జమైకా తోటల యజమాని ఒకరికి 1805లో రాసిన ఉత్తరం, ఆయన బానిసత్వ నిషేధానికి వ్యతిరేకి అనే వాదనకి ఆధారమైంది. ఆ ఉత్తరాన్ని తర్వాత నిషేధం వద్దన్న పక్షం మార్చి అచ్చువేసిందని పరిశోధకులు చూపించాక చర్చ ఇంకా పెరిగింది. అలాంటి మనిషి తలకాయ జగ్గుని అల్మారాలో పెట్టుకుని మురవడం ఏమిటి అని అడిగేవాళ్ళున్నారు, అడగాల్సిన ప్రశ్నే.

నాకు తోచేది ఏమిటంటే, ఈ రెండు వాదనలూ ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కనే ఉన్నాయి. సంకెళ్ళతో మోకాళ్ళ మీద కూర్చున్న ఆఫ్రికా మనిషి బొమ్మతో బానిసత్వానికి వ్యతిరేకంగా 1787లో చిన్న పతకం చేసింది వెడ్జ్‌వుడ్. అదే కంపెనీ 1798లో నెల్సన్, డంకన్ లాంటి అడ్మిరల్స్ తలలతో పతకాలు చేసింది. రెండూ ఒకే అరలో పెడితే ఆ కాలం అర్థమవుతుంది, ఒకటి దాస్తే అర్థం కాదు.

ధర సంగతి కూడా చాలామంది అడుగుతారు కాబట్టి రెండు మాటలు. పాతదైనంత మాత్రాన ఖరీదు రాదు. ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి, పగుళ్ళున్నాయా అన్నవే ధర తేలుస్తాయి. ‘పరిమిత సంఖ్య’ అని ధ్రువపత్రంతో వచ్చే ప్లేట్లు కొనేటప్పుడు ఆ పరిమితి ఏమిటో చదవాలి. కొన్నిటికి ముక్కల సంఖ్య ఉంటుంది, కొన్నిటికి ‘ఇన్ని రోజులు మాత్రమే కాల్చాం’ అని ఉంటుంది. అన్ని రోజుల్లో ఎన్ని వేల ప్లేట్లు కాలాయో అందులో రాయరు. జ్ఞాపకంగా దాచుకోవడానికే చేసినవి అందరూ జాగ్రత్తగా దాస్తారు, ఏదీ పగలదు, కాబట్టి కరువూ రాదు. వాడుకోవడానికి చేసిన 1806 బీరు జగ్గు కరువైపోయింది సరిగ్గా దాన్ని వాడుకున్నారు కాబట్టే.

జెండాల వరస

మగ్గు మీద ఒకటి మిగిలిపోయింది, అంచు చుట్టూ ఉన్న జెండాలు. అవి ట్రఫాల్గర్ ఉదయం నెల్సన్ ఓడ విక్టరీ మీద ఎగరేసిన సందేశం: ‘ఇంగ్లండ్ ఎక్స్‌పెక్ట్స్ దట్ ఎవ్రీ మ్యాన్ విల్ డూ హిజ్ డ్యూటీ’, ప్రతి మనిషీ తన విధి నెరవేరుస్తాడని ఇంగ్లండు ఎదురుచూస్తోంది అని. నెల్సన్ మొదట ‘నమ్ముతోంది’ అన్న మాట చెప్పాడు. దానికి సంకేతాల పుస్తకంలో జెండాలు లేవు, అక్షరం అక్షరం విడివిడిగా ఎగరేయాలి, టైం లేదు. సంకేతాలు చూసే పాస్కో అనే అధికారి ‘ఎక్స్‌పెక్ట్స్’ అయితే పుస్తకంలో ఉందని చెప్పి మార్పించాడు. ఒక్కో మాటకి మూడంకెల నంబరు, ఒక్కో అంకెకి ఒక జెండా. ఇంగ్లండ్ అంటే 253, ఎక్స్‌పెక్ట్స్ 269, దట్ 863. ‘డ్యూటీ’కి మాత్రం నంబరు లేక నాలుగు అక్షరాలూ విడిగా ఎగరేశారు. మొత్తం పన్నెండు గుత్తులు.

అయితే 1803లో ఒక బ్రిటిష్ ఓడ ఫ్రెంచివాళ్ళకి చిక్కి, దానితోపాటు సంకేతాల పుస్తకం కూడా పోయింది, అందుకని ఏ అంకెకి ఏ జెండా అన్నది మార్చేశారు. ఈ మార్పు సంగతి మరుగున పడి, 1885 నుంచి బొమ్మల్లో 1799 నాటి పాత జెండాలే వేస్తూ వచ్చారు. 1908లో గానీ తప్పు బయటపడలేదు. అంటే 1905 మగ్గు మీద జెండాలుంటే అవి పాత లెక్క ప్రకారం ఉండే అవకాశమే ఎక్కువ.

ఇది చెప్పాక మా వాడు రెండు పట్టికలూ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. రాత్రి పొద్దుపోయాక మెసేజ్ వచ్చింది. ‘అన్నయ్యా, జెండాలు పాత పుస్తకం ప్రకారమే ఉన్నాయి. ఇంకోటి చూశావా? కింద రాసిన వాక్యంలో దట్ లేదు, ఎవ్రీ మ్యాన్ టు డూ అని రాశారు. కానీ జెండాలు లెక్కపెడితే పన్నెండు గుత్తులూ ఉన్నాయి. మూడోది దట్.’

వాక్యం రాసినవాడు వదిలేసిన మాటని జెండాలు వేసినవాడు వదల్లేదు. ధర గురించి వాడు మళ్ళీ అడగలేదు, మగ్గు పిడి దగ్గర ఉన్న సన్నటి పగులుని ఇంకా దగ్గరగా ఫోటో తీసి పంపాడు, ఇది కాల్చేటప్పుడు పడిందా వాడేటప్పుడు పడిందా చెప్పమని.